బడి కట్టని సమాజం: ఢిల్లీలో యూదుల విద్యాచరిత్ర

యూదులు తగినంత సంఖ్యలో స్థిరపడిన నగరాల్లో వారి పిల్లల కోసం నడిచే మాధ్యమిక పాఠశాలలకు దాదాపు ఒకే స్వరూపం ఉంటుంది. రోజులో కొంత భాగం హీబ్రూ భాషకూ, పాత నిబంధనలోని మొదటి ఐదు కాండాలైన తోరాకూ, దానిపై తరతరాల పండితుల చర్చలను కూర్చిన తాల్ముద్ అనే సంపుటాలకూ పోతుంది. మిగిలిన భాగం గణితం, విజ్ఞానశాస్త్రం, దేశభాష, చరిత్రలకు దక్కుతుంది. పాత ప్రార్థనాలయాలకు, శ్మశానవాటికలకు, మ్యూజియాలకు విద్యాయాత్రలు చేయించడం, దానాన్ని దయగా కాక తీర్చవలసిన బాకీగా భావించే ‘త్సెదాకా’ సంప్రదాయం ప్రకారం ఆసుపత్రుల్లోనూ వృద్ధాశ్రమాల్లోనూ విద్యార్థుల చేత సేవ చేయించడం ఈ చదువులో విడదీయరాని అంశాలు. భారతదేశంలో ముంబై, కోల్‌కతా నగరాలకు ఇటువంటి బడులు పంతొమ్మిదో శతాబ్దంలోనే వచ్చాయి. ఢిల్లీకి మాత్రం రాలేదు. అయినా ఢిల్లీలో యూదుల విద్యకు చరిత్ర లేకపోలేదు; అది యూదుల సొంత బడిలో కాక ఇతరుల గుమ్మాల్లో, ఇతరుల భాషల్లో, చాలావరకు ఇతరుల పిల్లల మధ్య సాగిన చరిత్ర కావడం వల్ల ఎవరూ దానిని ఒక్కచోట చేర్చి చూడలేదు.

ఆ చరిత్రకు మొదటి ఆనవాలు జామా మసీదు తూర్పు ద్వారం దగ్గర ఉన్న ఒక సమాధి. అందులో ఉన్నది ఇరాన్‌లోని కాషాన్ పట్టణపు యూదు పండిత కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, వర్తకుడిగా సింధు తీరానికి వచ్చి, చివరకు వర్తకాన్నీ వస్త్రాలనూ కూడా వదిలేసిన సర్మద్ అనే పారశీక కవి. ఢిల్లీ చేరడానికి ముందు ఆయన కొంతకాలం గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా పాలనలోని హైదరాబాదులో ఉన్నాడు. వివిధ మతాలను పరిచయం చేసే ‘దబిస్తానె మజాహిబ్’ అనే పారశీక గ్రంథాన్ని రాసిన రచయిత 1647లో ఆయనను కలుసుకున్నది హైదరాబాదులోనే. యూదు మతంపై ఆ గ్రంథంలో ఉన్న ప్రకరణానికి ఆధారం సర్మద్ చెప్పిన విషయాలు. దానితోపాటు ఆదికాండం తొలి అధ్యాయాలకు పారశీక అనువాదం కూడా అందులో చోటు చేసుకుంది. ఆ అనువాదం చేసినవాడు సర్మద్ శిష్యుడు అభయ్ చంద్ అనే హిందూ యువకుడు. పుట్టుకతో యూదుడు, విశ్వాసంతో ముస్లిం అయిన గురువు దగ్గర ఒక హిందువు తోరాను చదువుకుని పారశీకంలోకి తేవడం, ఆ పాఠం తెలుగు నేల మీద ఒక గ్రంథకర్త చేతికి అందడం మన సాహిత్య చరిత్రల్లో దక్కవలసినంత స్థానం దక్కని సంఘటన. తరువాత ఢిల్లీలో మొఘల్ యువరాజు దారా షికో సాన్నిహిత్యం సంపాదించిన సర్మద్‌కు, వారసత్వ పోరులో, దారా ఓటమి తరువాత, 1661 ప్రాంతంలో ఔరంగజేబు పాలనలో శిరచ్ఛేదం జరిగింది. ఆయన సమాధికి నేటికీ భక్తులు వస్తూనే ఉంటారు. వారిలో అత్యధికులు ఆయనను సూఫీ అమరుడిగా కొలిచేవారే.

సర్మద్ తరువాత రెండు శతాబ్దాలకు పైగా యూదుల విద్య గురించి చెప్పుకోవలసిన కథ పశ్చిమ తీరానిది. కొంకణ గ్రామాల్లో గానుగాడించుకుంటూ, శనివారం మాత్రం గానుగ కట్టకపోవడం వల్ల ‘శనివార తేలీ’లుగా పేరుపడిన బెనె ఇజ్రాయెల్ యూదులు బ్రిటిష్ కాలంలో బొంబాయికి వలస వచ్చి సైన్యంలోనూ రైల్వేల్లోనూ గుమాస్తా ఉద్యోగాల్లోనూ కుదురుకున్నారు. మరాఠీ మాట్లాడే ఈ సమాజానికి హీబ్రూ వ్యాకరణాన్ని మరాఠీలో రాసి 1832లో అచ్చు వేయించినవాడు జాన్ విల్సన్ అనే స్కాట్లండ్ క్రైస్తవ మతప్రచారకుడు కావడం విచిత్రమే. మతం మార్చాలన్న కోరికతో ఆయన నేర్పిన హీబ్రూ, మతాన్ని మరింత గట్టిగా పట్టుకోవడానికే వారికి ఉపయోగపడింది. 1875లో హయీమ్ సామ్యూల్ కెహిమ్‌కర్ పూనికతో బొంబాయిలో ఇజ్రాయెలీ పాఠశాల మొదలైంది; కాలక్రమంలో అదే సర్ ఎలీ కదూరీ పాఠశాలగా మారింది. బాగ్దాదు నుంచి వచ్చిన ససూన్ కుటుంబపు ధనంతో బైకలాలో మరో బడి నడిచింది. ఆ కుటుంబం స్థాపించిన విద్యాసంస్థకు ప్రధానోపాధ్యాయుడైన జోసెఫ్ ఎజెకియల్ రాజ్‌పుర్కర్ యూదుల ప్రార్థనా గ్రంథాలను మరాఠీలోకి తెచ్చాడు. కలకత్తాలో బాగ్దాదీ యూదులు 1881లో బాలికల పాఠశాల స్థాపించారు. ఇవన్నీ వర్తక ధనమూ, పిల్లల సంఖ్యా, ఒకే పేటలో ఇరుగుపొరుగుగా బతికే అలవాటూ కలిసి వచ్చిన చోట్ల పుట్టిన బడులు.

ఢిల్లీలో ఈ మూడూ లేవు. 1911లో రాజధాని ఇక్కడికి మారిన తరువాత వచ్చిన కొద్దిమంది యూదులు ప్రధానంగా ప్రభుత్వోద్యోగులు, సైనికాధికారులు, వైద్యులు. బదిలీ వస్తే సామాను సర్దుకుని వెళ్లిపోయేవారు. బదిలీ ఉద్యోగులకు బడి అక్కర లేదని దీని అర్థం కాదు. అదే రాజధానికి అదే తీరున వచ్చిన తెలుగు ఉద్యోగులు తమ పిల్లల కోసం 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వంలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని ఏర్పరచుకుని బడులు నడిపారు. తమిళులు, బెంగాలీలు అంతకు ముందే ఆ పని చేశారు. తేడా అంతా తలల లెక్కలో ఉంది. తరగతి గదిని నింపడానికి కావలసినంత మంది పిల్లలు ఒక్క ఏడాదైనా ఢిల్లీలోని యూదు కుటుంబాల్లో లేరు. దానికి తోడు 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక దేశంలోని యూదుల్లో అధిక భాగం అక్కడికి తరలిపోవడంతో, స్వాతంత్ర్యం నాటికి 20 వేలకు పైగా ఉన్న వారి జనాభా 2001 జనగణన నాటికి 4,650కి పడిపోయింది.

అయితే ఢిల్లీలో బడి పెట్టని యూదులు ఇతరుల బడిలో ఏం చేశారన్న ప్రశ్నకు సమాధానం ఓఖ్లాలో, జామియా మిలియా ఇస్లామియా ఆవరణలో దొరుకుతుంది. సహాయ నిరాకరణోద్యమ వేడిలో 1920లో అలీగఢ్‌లో పుట్టి, 1925లో ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారిన ఈ జాతీయ విద్యాసంస్థను మూతపడకుండా కాపాడినవారు బెర్లిన్‌లో కలుసుకున్న ముగ్గురు మిత్రులు: అర్థశాస్త్రంలో పరిశోధన చేసిన జాకిర్ హుసేన్, విద్యాతత్త్వం చదివిన ఆబిద్ హుసేన్, చరిత్రకారుడు ముహమ్మద్ ముజీబ్. ఆ బెర్లిన్ రోజుల్లోనే వారికి పరిచయమైన యూదు యువతి గెర్డా ఫిలిప్స్‌బోర్న్. కలిగిన కుటుంబంలో పుట్టి, సంగీతంలో శిక్షణ పొంది, పేద పిల్లల సేవా కేంద్రాలతో సంబంధం పెట్టుకున్న ఆమె, వారు కలగంటున్న బడి గురించి విని, తానూ అక్కడ పనిచేస్తానని పట్టుబట్టింది. హిట్లర్ జర్మనీలో గద్దెనెక్కిన 1933 నాటికి ఆమె జామియాకు చేరి ఉంది. ఆమె రాకను నాజీల నుంచి పారిపోయి రావడంగా మాత్రమే చూడడం తొందరపాటు అవుతుంది. జామియా మీద మక్కువ అంతకు ఏళ్ల ముందు నుంచే ఉన్నది.

ఆమె చేరిన సంస్థ ఆర్థిక స్థితి ఎటువంటిదంటే, 1928లో జాకిర్ హుసేన్, ఆయన సహచరులు ఇరవై ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోబోమని ప్రతిజ్ఞ చేసి దానిని నడుపుతున్నారు. ఆ 150 కూడా చాలా నెలల్లో పూర్తిగా చేతికి వచ్చేది కాదు. ఇంత లేమిలోనూ జామియా ప్రాథమిక పాఠశాల దేశంలోని కొత్త విద్యకు ప్రయోగశాల అయింది. పుస్తకంలోని పాఠాన్ని వల్లె వేయించడానికి బదులు పిల్లల చేత ఒక పని తలపెట్టించి, ఆ పని చుట్టూ లెక్కలూ భాషా ప్రకృతి పరిశీలనా అల్లే ‘ప్రాజెక్టు పద్ధతి’ని అబ్దుల్ గఫార్ మధోలీ అనే ఉపాధ్యాయుడు అక్కడ పాదుకొల్పాడు. పిల్లలే ఒక బ్యాంకు నడిపేవారు. పైసలు జమ కట్టడం, తీసుకోవడం, ఖాతా రాయడం అంతా వారి చేతుల మీదే జరిగేది. కూడికలూ తీసివేతలూ అందులో భాగంగానే వంటబట్టేవి. పిల్లల దుకాణానిదీ ఇదే తీరు. పనిద్వారా చదువు అన్న జర్మన్ విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్ భావాలు జాకిర్ హుసేన్ మీద బలంగా పనిచేశాయి. 1937లో గాంధీజీ వార్ధాలో పిలిచిన సమావేశం తరువాత నయీ తాలీమ్‌కు, అంటే చేతివృత్తి కేంద్రంగా సాగే మౌలిక విద్యకు, పాఠ్యప్రణాళిక సిద్ధం చేసిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన చేయవలసి వచ్చినప్పుడు, ఏ నవాబునో నాయకుడినో పిలవకుండా, బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత ఆ రాయి వేయించిన సంస్థ ఇది.

గెర్డా పని ఈ బడిలోని మరీ చిన్న పిల్లలతో. తరగతిలో ఆటపాటల ద్వారా చదువు చెప్పడం ఒక ఎత్తు, ఇల్లు విడిచి వసతిగృహంలో ఉంటున్న పసివాళ్లను సాకడం ఒక ఎత్తు. జర్మనీలో పుట్టిన కిండర్‌గార్టెన్ పద్ధతి తెలిసిన ఆమెకు మొదటిది కష్టం కాకపోవచ్చు; ఉర్దూ అంతంతమాత్రంగా వచ్చిన విదేశీ స్త్రీ, అమ్మ కోసం ఏడ్చే పిల్లవాడిని ఊరుకోబెట్టి, తలదువ్వి, జ్వరం వస్తే మంచం పక్కన మేలుకుని ఉండగలగడానికి మాత్రం మరో రకం నేర్పు కావాలి. పిల్లలూ పెద్దలూ ఆమెను ‘ఆపా జాన్’ అని, అంటే ప్రియమైన అక్కగారు అని పిలిచేవారు. జామియాలో ఆడవారికి పర్దా పాటింపు బలంగా ఉన్న కాలంలో, పురుష ఉపాధ్యాయులతో సరిసమానంగా పనిచేసిన స్త్రీ ఆమె. యూదు పాఠశాలలు ‘సేవ’ అన్న పేరుతో విద్యార్థుల చేత చేయించే పనిని ఈ యూదు ఉపాధ్యాయిని ముస్లిం పిల్లల వసతిగృహంలో తన జీవితంగానే చేసుకుంది. అదే కాలంలో, 1938లో, జామియా ఆధ్వర్యంలో షఫీకుర్ రహ్మాన్ కిద్వాయి వయోజన విద్యా సంస్థను ప్రారంభించడంతో చుట్టుపక్కల పేటల్లోని శ్రామికులకు చదువు చెప్పడం కూడా సంస్థ బాధ్యతల్లో చేరింది.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను ‘శత్రుదేశ పౌరురాలి’గా నిర్బంధ శిబిరంలో ఉంచింది. జర్మనీ యూదులను జర్మనులు కారని వెళ్లగొడుతుంటే, జర్మన్ పాసుపోర్టు ఉన్నందుకు ఇక్కడి ప్రభుత్వం వారిని జర్మనులుగా లెక్కవేసింది. కాగితాల పాలనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. విడుదలై తిరిగి వచ్చిన ఆమెను క్యాన్సరు కబళించింది. 1943లో కన్నుమూసిన ఆమెను జామియా శ్మశానవాటికలోనే ఖననం చేశారు. జామియాలో పనిచేసే తల్లుల పిల్లల సంరక్షణ కేంద్రానికి నేడు ఆమె పేరే ఉంది. సహచరులు జ్ఞాపకం చేసుకున్న ఒకటి రెండు పేజీల మేరకే ఎనభై ఏళ్లుగా బతికిన ఈ కథ, జర్మన్ చరిత్రకారిణి మార్గ్రిట్ పెర్నౌ ఇటీవల పూర్తి గ్రంథంగా రాశాక గాని విస్తృతంగా వెలుగులోకి రాలేదు.

సేవ గురించిన ప్రస్తావనలో మరొక ఢిల్లీ యూదు స్త్రీని వదిలివేయడానికి వీలులేదు. బుడాపెస్ట్‌లో 1908లో యూదు కుటుంబంలో పుట్టిన మగ్దొల్నా ఫ్రీడ్‌మన్, ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో పరిచయమై, తరువాత దౌత్యవేత్త అయిన బి.కె. నెహ్రూను 1935లో వివాహమాడి ఫోరీ నెహ్రూ అయింది. 1947లో పంజాబ్ నుంచి ఢిల్లీకి పోటెత్తిన శరణార్థుల్లో చేతిలో కుట్టుపని తప్ప మరే ఆధారమూ లేని స్త్రీల చేత బట్టల మీద ఎంబ్రాయిడరీ చేయించి, వాటిని అమ్మిపెట్టే దుకాణం నడపడంలో ఆమె ముందు నిలిచింది. ప్రభుత్వ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం ఎదుగుదలలో ఈ పనికి చోటు ఉంది. అయితే విద్యాచరిత్రకు సంబంధించిన ఘట్టం అర్ధ శతాబ్దం తరువాతది. 1950లలో విద్యార్థిగా ఢిల్లీ వచ్చి జబ్బుపడినప్పుడు ఆమె ఇంట ఆదరణ పొందిన బ్రిటిష్ యూదు చరిత్రకారుడు మార్టిన్ గిల్బర్ట్‌కు ఆమె ఫోరీ ఆంటీ. ఆమె పుట్టుకతో యూదు అన్న సంగతి ఆయనకు చాలా దశాబ్దాలు తెలియదు. తొంభయ్యో ఏట ఆమె తన జాతి చరిత్ర తనకు తెలియదనీ, చదువుకోవాలని ఉందనీ అడగడంతో, ఆయన యూదుల అయిదు వేల ఏళ్ల చరిత్రనూ పండుగలనూ వరుసగా ఉత్తరాలలో రాసి పంపాడు. 2002లో అవి పుస్తకంగా వచ్చాయి. చిన్నతనంలో పదమూడేళ్ల లోపు ముగియవలసిన పాఠాలు ఒక విద్యార్థినికి తపాలాలో, వృద్ధాప్యంలో చేరాయి.

ఢిల్లీ యూదులు తమదంటూ కట్టుకున్న ఒకే ఒక్క సంస్థ హుమాయూన్ రోడ్డులోని జుడా హయామ్ సినగాగు. సినగాగు అంటే తెలుగు బైబిలు పాఠకులకు ‘సమాజమందిరం’గా తెలిసిన ప్రార్థనాలయమే. 1956లో వెలసిన ఈ చిన్న కట్టడం పక్కనే యూదుల శ్మశానవాటిక ఉంది. 1971 యుద్ధంలో ఢాకా లొంగుబాటు పత్రం రూపొందించిన లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్‌ను 2016లో అక్కడే ఖననం చేశారు. పట్టుమని పది స్థానిక కుటుంబాలైనా నిలవని ఈ సమాజానికి దశాబ్దాలుగా ప్రార్థనలు నడిపిన ఎజెకియల్ ఐజాక్ మాలేకర్ దీక్ష పొందిన రబ్బీ, అంటే యూదు మతగురువు కాదు. పూణే నుంచి వచ్చిన బెనె ఇజ్రాయెల్ న్యాయవాది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడిన తరువాత విదేశీ దౌత్య కుటుంబాలూ పర్యాటకులూ చేరడంతో శుక్రవారం సాయంత్రపు ప్రార్థనకు కొంత సందడి వచ్చింది. యూదు సంప్రదాయంలో సామూహిక ప్రార్థనకు పదమూడేళ్లు నిండిన పదిమంది పురుషులు హాజరు కావాలి. దీనిని ‘మిన్యాన్’ అంటారు. ఢిల్లీలో ఆ లెక్క కుదరదని గ్రహించిన మాలేకర్ స్త్రీలను కూడా అందులో లెక్కించారు, స్త్రీపురుషులు కలిసి కూర్చోవడాన్ని, ఇతర మతస్థులను పెళ్లాడిన యూదుల కుటుంబాలు రావడాన్ని అంగీకరించారు. సంప్రదాయవాదులకు ఇది రుచించకపోవచ్చు గాని, లేకపోతే తాళం వేసుకోవలసిందే అన్న స్థితిలో తీసుకున్న నిర్ణయమిది.

హీబ్రూ అక్షరాలు నేర్పడమూ, పదమూడో ఏట తోరా పఠించే సంస్కారానికి పిల్లలను సిద్ధం చేయడమూ ఈ మందిరంలో జరిగే పనులే; మిగిలిన చదువు ఆ పిల్లలు నగరంలోని సాధారణ బడుల్లోనే చదువుకుంటారు. కాని ఈ ఆవరణలోకి అడుగుపెట్టే విద్యార్థులలో అధికులు యూదులు కారు. వివిధ మతాల ఆలయాలను ఒక్కరోజులో చూపించే విద్యాయాత్రల్లో భాగంగా బంగ్లా సాహిబ్ గురుద్వారా, లోటస్ టెంపుల్, జామా మసీదులతోపాటు ఇక్కడికి కూడా ఢిల్లీ బడుల పిల్లలూ, క్రైస్తవ వేదాంత కళాశాలల విద్యార్థులూ వస్తారు. లోపలికి వచ్చే ముందు తల కప్పుకోవాలి. గుమ్మం చట్రానికి వాలుగా బిగించిన ‘మెజూజా’ అనే చిన్న గొట్టంలో తోరా వాక్యాలు రాసిన తోలుపత్రం చుట్టి ఉంటుంది. లోపల యెరూషలేం దిక్కుకు, అంటే ఢిల్లీకి పడమరగా ఉండే పవిత్ర మందసంలో తోరా చుట్టలను ఉంచుతారు. తోలుపత్రంపై చేత్తో, కుడి నుంచి ఎడమకు రాసే ఆ అక్షరాలను వేలితో తాకరాదు. చదివేటప్పుడు చేతి ఆకారంలో ఉన్న సూచికతో వరుస వెంట చూపుతూ పోతారు. మిగతా లోకంలో యూదు పాఠశాల తన పిల్లలను బయటి మందిరాలకు తీసుకువెళ్తుంది; ఢిల్లీలో ఇతరుల పాఠశాలలు తమ పిల్లలను యూదుల మందిరానికి తీసుకువస్తాయి. అక్టోబరు 2న, జనవరి 30న రాజ్‌ఘాట్‌లో జరిగే సర్వమత ప్రార్థనల్లో హీబ్రూ వాక్యాలు వినిపించే బాధ్యత కూడా ఈ మందిరం వారిదే.

గురువు లేని చోట చదువు ఎలా పుడుతుందో చెప్పడానికి తెలుగు నేల మీద కూడా ఒక సాక్ష్యం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, బాప్టిస్టు క్రైస్తవం నుంచి వచ్చిన కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇజ్రాయెలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి వారమని ప్రకటించుకుని, 1990ల తొలి సంవత్సరాల్లో యాకోబి సోదరుల నాయకత్వంలో సమాజమందిరం కట్టుకున్నాయి. విదేశీ యూదు స్వచ్ఛంద సేవకులు వచ్చి హీబ్రూ, పండుగల ఆచారాలు నేర్పారు. బెనె ఎఫ్రాయిములుగా పేరుపడిన వీరి వంశ వాదాన్ని ఇజ్రాయెల్ ప్రభుత్వం గుర్తించలేదు. వంశం సంగతి ఎలా ఉన్నా, కుల వివక్షకు గురైన మనుషులు ఒక ప్రాచీన గ్రంథభాషను పట్టుదలతో నేర్చుకోవడాన్ని తేలికగా తీసుకోవడానికి లేదు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన పరిశోధన గ్రంథం ఈ అంశాన్ని సానుభూతితో చర్చించింది.

ఇక బడులున్న నగరాల సంగతి. కోల్‌కతాలోని యూదు బాలికల పాఠశాలలో నేడు చదివేవారిలో ముస్లిం బాలికలే ఎక్కువ. ముంబైలోని సర్ జేకబ్ ససూన్, సర్ ఎలీ కదూరీ పాఠశాలల్లోనూ ఇదే పరిస్థితి. యూదు పిల్లలు వెళ్లిపోయినా ఆ బడులు మూతపడకపోవడానికి కారణం, పేటలో మిగిలిన పిల్లలకు తలుపులు తెరవడమే. మతపరమైన అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించుకుని నిర్వహించుకునే హక్కును రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇస్తున్నా, 1992 నాటి జాతీయ అల్పసంఖ్యాకుల కమిషన్ చట్టం కింద 1993లో కేంద్రం ప్రకటించిన జాబితాలో ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్శీలు మాత్రమే ఉన్నారు. 2014లో జైనులు చేరారు. యూదులు లేరు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో తమ పరిధిలో వారికి ఆ హోదా ఇచ్చాయి. కేంద్రం కూడా ఇవ్వాలని ఢిల్లీ సమాజం తరఫున మాలేకర్ ఏళ్ల తరబడి కోరుతూ వచ్చారు. ఆ హోదా వచ్చినా హుమాయూన్ రోడ్డులో కొత్తగా బడి లేవదు, ఆ సంగతి అడిగేవారికీ తెలుసు. వారు అడుగుతున్నది జనగణన పట్టికలో ‘ఇతర మతాలు’ అన్న గంపగుత్త వరుసలో నుంచి తీసి తమ పేరుతో తమను లెక్కించమని.